సంబంధం అన్న గడిలో

ఆ కుట్టు కార్ఖానాలో పదకొండు మిషన్లు ఉండేవి. పదింటి మీద యూనిఫారాలు కుట్టేవారు. పదకొండోది కాజాల మిషను. పద్నాలుగేళ్ళుగా దాని ముందు కూర్చున్న మనిషి ఒక్కతే కాబట్టి ఆమెకు కాజాలక్క అన్న పేరు స్థిరపడిపోయింది. హాజరు పుస్తకంలో వేరే పేరు ఉంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమె ముందు వెనక్కి తిరిగి చూసి, ఆ తర్వాతే పలికేది.

కాపలావాళ్ళ చొక్కాలు, ఆస్పత్రి కోట్లు, బడిపిల్లల గౌన్లు అన్నీ చివరికి ఆమె దగ్గరికే వచ్చేవి. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. కాజా అలా కాదు, చుట్టూ కుట్టు పడగానే మిషను మధ్యలో బట్టను కోసేస్తుంది. చోటు తప్పిందంటే ఆ చొక్కా ఇక చెత్తబుట్టలోకే. అందుకని ఆమె సుద్దముక్కతో గుర్తు పెట్టి, రెండుసార్లు కొలిచి, అప్పుడు కాలితో మీట నొక్కేది. మాట దగ్గరా అంతే. ఏదన్నా అడిగితే కాసేపు ఆగేది. ఆమె వినలేదేమోనని అవతలివాళ్ళు మళ్ళీ అడగబోయేలోగా జవాబు వచ్చేది.

అప్పటికి ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళి మాట రెండుసార్లు ఇంటి దాకా వచ్చి, రెండుసార్లూ వెనక్కి పోయింది. ఎందుకని ఎవరైనా అడిగితే, తీరిక లేకపోయిందనేది. అమ్మానాన్నా పోయాక మిగిలింది ఎనిమిదేళ్ళు చిన్నదైన చెల్లెలు ఒక్కతే. తండ్రి సరదాపడి ఇద్దరికీ ప్రాస కుదిరేలా పేర్లు పెట్టాడు. ఒకే అక్షరంతో మొదలై, ఒకే అక్షరంతో ముగుస్తాయి. మధ్యలో ఒక్క అక్షరమే తేడా. ఈ సరదా ముప్పై ఏళ్ళ తర్వాత ఏం చేస్తుందో ఆయనకు తెలిసే దారి లేదు.

ఆ చెల్లెలు ఒకరోజు ఉదయం మూడేళ్ళ కూతుర్ని, ఒక బట్టల సంచినీ తీసుకుని వచ్చింది. ఓడరేవు ఉన్న ఊళ్ళో చేపలు ప్యాక్ చేసే కంపెనీలో పని దొరికిందని చెప్పింది. గది కంపెనీదే, నలుగురు ఆడవాళ్ళకి కలిపి ఒకటి. పిల్లల్ని ఉండనివ్వరు. రెండు నెలల్లో వేరే గది చూసుకుని వచ్చి తీసుకెళ్తానంది. పిల్ల తండ్రి, పిల్ల పుట్టకముందే పోయిన మనిషి. పోయాడంటే చచ్చిపోయాడని కాదు. జనన ధ్రువపత్రంలో అతని పేరుండాల్సిన చోట చిన్న అడ్డగీత ఉంటుంది. ఆ గీత గురించి అక్కాచెల్లెళ్ళు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పిల్ల సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి కూస్తూ ఉండేది. పిట్ట అని పిలిచేవారు. రెండు నెలలు నాలుగయ్యాయి. చెల్లెలు ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

మొదట్లో కాజాలక్క పిట్టను తనతో పాటే కార్ఖానాకు తీసుకెళ్ళేది. కాజాల బల్ల కింద బట్టల మూటల మధ్య దానికో గూడు లాంటిది చేసింది. అక్కడ పడుకునేది, లేస్తే బొత్తాలతో ఆడేది. ఐదో నెలలో ఒకరోజు ఒక బొత్తం నోట్లో పెట్టుకుంది. గొంతుకు అడ్డం పడకముందే కాజాలక్క వేలు పెట్టి తీసేసింది. ఏమీ కాలేదు. కానీ పక్క మిషన్లన్నీ ఆగిపోయాయి. కటింగ్ మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టి వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. తనకూ మనవరాలుందని, ఇక్కడ సూదులున్నాయని, ఏదన్నా జరిగితే ఓనరు తనని అడుగుతాడని అన్నీ నెమ్మదిగా చెప్పాడు. సోమవారం నుంచి పిల్లను తేవద్దన్నాడు.

ఆమె ఇంటి కింది వాటాలో ఒక పెద్దాయన ఉండేవాడు. కోర్టులో ముప్పై ఏళ్ళు టైపిస్టుగా పనిచేసి దిగిపోయాడు. పిట్ట ఆయన్ని టైపు తాత అనేది. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లెక్కలేడు, పిల్ల వెనక పరిగెత్తలేడు. గంటంటే గంట చూస్తానని, అంతకు మించి తన వల్ల కాదని మొహమాటం లేకుండా చెప్పేశాడు. కానీ సర్కారు వారి శిశు సంరక్షణ సాయం ఒకటుందని, చిన్న జీతాల వాళ్ళ పిల్లలకి క్రెష్‌లో అయ్యే ఖర్చు వాళ్ళే కడతారని చెప్పిందీ ఆయనే.

క్రెష్ రెండు వీధుల అవతల ఉంది. కిటికీలకి నీలం రంగు, లోపల పిల్లల మోకాళ్ళ ఎత్తు కుర్చీలు. క్రెష్ మేడం పిట్టను చూసి నవ్వి, మంజూరు ఉత్తరం తెస్తే సీటు ఇస్తానంది. సాయం ఇచ్చే ఆఫీసులో నాలుగో కౌంటరాయన, సీటు ఉత్తరం తెస్తే మంజూరు చేస్తామన్నాడు. కాజాలక్క ఈ రెండు మాటలనూ ఆ వారంలో నాలుగుసార్లు అటూ ఇటూ మోసింది. చివరికి క్రెష్ మేడం విసుగుపడి, సీటు ఖాళీ అయిన పక్షంలో, మంజూరైన పక్షంలో, చేర్చుకోగలం అని రాసిచ్చింది. ఆ రెండు పక్షాల మీద నాలుగో కౌంటరాయన చాలాసేపు వేలు పెట్టి ఉంచి, సరేనన్నాడు.

తర్వాత పని కాగితం. కార్ఖానాకు అచ్చు వేసిన లెటర్‌హెడ్ లేదు. ఓనరు ఒక పాత బిల్లు వెనకాల, ఈమె నా దగ్గర పని చేయును, అని రాసి సంతకం చేశాడు. ఆఫీసులో దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగిచ్చేశారు. టైపు తాత అటక మీది నుంచి తన పాత మిషను దింపించి, తెల్లకాగితం పైభాగాన కార్ఖానా పేరు పెద్ద అక్షరాల్లో కొట్టి, దాని కింద ఒక వరస నక్షత్రాలు కొట్టాడు. ఆఫీసు దాన్ని మారుమాట లేకుండా తీసుకుంది. ఆ నక్షత్రాల గురించి ఆయన తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

ఇవన్నీ అయ్యాక, ఎనిమిది పేజీల దరఖాస్తులో మూడో పేజీ దగ్గర బండి ఆగింది. పిల్లతో దరఖాస్తుదారుకు గల సంబంధం. దాని పక్కన మూడు గళ్ళు. తల్లి, తండ్రి, చట్టబద్ధ సంరక్షకులు.

కౌంటర్ అద్దానికి మాట్లాడే కంత ఛాతీ ఎత్తున ఉండేది. అందరూ నడుం వంచి మాట్లాడాలి.

"పాపకి మీరేమవుతారు?" అన్నాడు నాలుగో కౌంటరాయన.

"పెద్దమ్మనండీ."

"తల్లి ఉందా?"

"ఉందండీ. వేరే ఊళ్ళో పని చేస్తోంది."

"అయితే ఆవిడే పెట్టుకోవాలి."

"అక్కడ అడిగిందటండీ. పిల్ల ఆ ఊళ్ళో ఉంటేనే ఇస్తామన్నారట. పిల్ల ఇక్కడుంది."

ఆయన కాగితాల కట్టను బల్ల మీద రెండుసార్లు తట్టి అంచులు సమానం చేశాడు. అది ఆయన అలవాటు. "అదీ నిజమే," అన్నాడు. మూడో గడి నింపాలంటే కోర్టు ఉత్తర్వు కావాలన్నాడు.

కోర్టు సంగతి టైపు తాతకి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఆ కాగితం చేతికొచ్చేసరికి పిట్టకి పెళ్ళీడు వస్తుందన్నాడు. గళ్ళ జోలికి పోకుండా, పక్కనున్న ఖాళీలో పెద్దమ్మ అని చేత్తో రాసి ఇచ్చేయమన్నాడు. చూసేవాడు చూస్తాడు, చూడనివాడు పంపేస్తాడు, ఎలాగైనా మనం అబద్ధమాడినట్టు కాదన్నాడు. ఆమె అలాగే రాసింది. దరఖాస్తు కౌంటర్ వెనక గదిలోకి, అక్కడ వరసగా కూర్చుని కంప్యూటర్లలోకి ఎక్కించే వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఏడు వారాలు ఆమె అర్ధరోజు పనే చేసింది. టైపు తాత గంట గంటన్నర అయింది, గంటన్నర మూడు గంటలయింది. మిగతా సమయం ఇంటిదగ్గరే ఉండేది.

ఉత్తరం వచ్చిన రోజు ఆమె దాన్ని నిలబడే చదివింది. ఒక సంవత్సరానికి మంజూరు. పిల్ల పేరు సరిగ్గానే ఉంది. దరఖాస్తుదారు పేరు ఆమెదే. దాని కింద, సంబంధం: తల్లి.

ఇదెలా జరిగిందో తర్వాత ఫైలు చూసినప్పుడు కొంత తెలిసింది. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు చెల్లెలిది, దరఖాస్తులో పేరు అక్కది, తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరం దగ్గర ఎవరో పెన్సిల్‌తో సున్నా చుట్టి, 'అక్షరదోషం, సరిచూడబడింది' అని రాశారు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న మనిషి పెద్దమ్మ అన్న మాటను తొందరలో అమ్మ అని చదివిందో, లేక మూడు గళ్ళలో ఏదో ఒకటి నొక్కితే తప్ప తెర ముందుకు కదలక నొక్కిందో, పాపం పిల్ల కదా అనుకుందో ఎవరూ చెప్పలేకపోయారు.

కాజాలక్క ఉత్తరం మడిచి బట్టల అలమారలో పెట్టింది. తర్వాత వారం రోజుల్లో దాన్ని రెండు మూడుసార్లు తీసి చూసింది. టైపు తాతకి మంజూరైందని మాత్రమే చెప్పింది.

పిట్ట క్రెష్‌లో చేరింది. నాలుగు రోజులు ఏడ్చి, ఐదో రోజు నుంచి ఉదయమే చెప్పులు తనే వెతుక్కోవడం మొదలుపెట్టింది. కార్ఖానాలో పేరుకుపోయిన కోట్లన్నీ రెండు వారాల్లో తీరిపోయాయి. సాయంత్రం పిల్లను తీసుకెళ్ళేటప్పుడు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ వరస మీద తల్లి సంతకం అని అచ్చు వేసి ఉండేది. మొదటిరోజు ఆమె ఆ మాట రెండుసార్లు చదివి పెట్టింది. పదో రోజుకు చదవకుండానే పెట్టేసింది.

గేటు దగ్గరుండే ఆయా పిల్లల్ని పేరుపేరునా కేకేసేది. "పిట్టా, మీ అమ్మొచ్చింది" అనగానే పిట్ట పరిగెత్తుకొచ్చేది. వచ్చి కాజాలక్క చెయ్యి పట్టుకుని, తల పక్కకి వంచి, ఆమె వెనక రోడ్డు మీదకి చూసేది. అటు ఒకసారి, ఇటు ఒకసారి. ఎవరూ లేకపోతే ఇంటికి నడిచేది. రెండు వారాలు రోజూ అలా చూసింది. మూడో వారంలో చూడటం మానేసింది.

ఆరో వారం ఆదివారం చెల్లెలు ఫోన్ చేసినప్పుడు కాజాలక్క దాన్ని పిట్ట చెవి దగ్గర పెట్టింది. "నేనమ్మా, అమ్మని" అన్న మాట పక్కకు వినబడింది. పిట్ట ఫోన్ వంక చూసి, కాజాలక్క వంక చూసి, ఫోన్ ఆమె చేతిలో పెట్టేసింది. అది తన కోసం కాదన్నట్టు. కాజాలక్క ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేదని చెప్పింది. మర్నాడు కార్ఖానాకు సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్ళింది.

నాలుగో కౌంటరాయన ఉత్తరం తీసుకుని చదివాడు.

"మంజూరైంది కదా?"

"అయిందండీ."

"క్రెష్‌లో చేరింది కదా?"

"చేరిందండీ."

"మరి?"

ఆమె కాసేపు ఆగింది. ఆయన మళ్ళీ అడగబోతుండగా చెప్పింది. "నేను తల్లిని కాదండీ. పెద్దమ్మని."

ఆయన కింద అరలోంచి ఫారాల కట్ట తీశాడు. చిరునామా మారితే ఒక ఫారం ఉంది. క్రెష్ మారితే ఒకటుంది. పిల్ల చనిపోతే కూడా ఒకటుంది. మంజూరైన కాగితంలో తనకి ఎక్కువ రాశారని చెప్పుకోవడానికి ఫారం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నానని, తక్కువైందని వచ్చినవాళ్ళే గానీ ఇలా వచ్చినవాళ్ళు లేరని ఆయన అన్నాడు. తర్వాత కంత దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, ఇది మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్ళమన్నాడు. తను ఏమీ విననట్టే ఉంటానన్నాడు. దిద్దడం మొదలుపెడితే, దిద్దేదాకా సాయం ఆగిపోతుందని కూడా చెప్పాడు.

"మీరు విననట్టు ఉంటారండీ," అంది ఆమె. "పిల్ల రోజూ వింటోంది."

ఆయన కాగితాలు తట్టి సమానం చేశాడు. తెల్లకాగితం మీద రాసిమ్మన్నాడు.

ఈ సంగతి విని టైపు తాత రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోరోజు మెట్ల కింద నిలబడి పైకి కేకేసి, ఆ తెల్లకాగితం చేత్తో రాస్తే ఎవరూ చదవరు, టైపు చేస్తాను రమ్మన్నాడు.

సాయం ఆగింది. క్రెష్ మేడం సీటు నెల రోజుల దాకా ఎవరికీ ఇవ్వనంది, అంతకు మించి మాటివ్వలేనంది. కార్ఖానాలో కటింగ్ మాస్టరు కాస్త ఆలోచించి, దళసరి కోట్లకు చేతి కాజాలు ఇంటిదగ్గర కుట్టిమ్మన్నాడు. దళసరి గుడ్డకి మిషను కాజా అంత నిలవదు. సూదికి మైనం రాసిన దారం ఎక్కించి, అంచంతా ముడి మీద ముడి వేసుకుంటూ పోవాలి. చేతిపనికి ఒక్కోదానికి పావుగంట. మిషను మీద ఆ సమయంలో ఎన్ని అయ్యేవో ఆమెకు తెలుసు గానీ లెక్కపెట్టుకోలేదు. పిట్ట కిటికీ దగ్గర కూర్చుని తనూ కుడుతున్నట్టు ఉత్త చేతులాడించేది.

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. తల్లి బతికుండి, జాడ తెలిసి ఉంటే, ఆమె స్వయంగా వచ్చి అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. అలా పెడితే కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఈ దారి మొదట్లోనే ఎందుకు చెప్పలేదని టైపు తాత కోపపడ్డాడు. రెండు నెలల కిందటి వరకూ ఈ దారి లేదట. కొత్తగా వచ్చిన సర్క్యులర్ అట. ఫైలు కోసం వెతుకుతుంటే నాలుగో కౌంటరాయనకే కనబడిందట.

ఆ ఆదివారం కాజాలక్క చెల్లెలికి మొత్తం చెప్పింది, ఉత్తరంలో ఏముందో కూడా. చెల్లెలు సెలవు దొరకదని చెప్పింది. పై ఆదివారం సూపర్‌వైజర్ ఊళ్ళో లేడని చెప్పింది. ఆ పై ఆదివారం అసలు ఫోనే రాలేదు. నెలలో మిగిలింది తొమ్మిది రోజులు. కాజాలక్క తనే చేసింది.

"నిన్ను పిల్లని తీసుకెళ్ళమనట్లేదు," అంది. "ఎందుకు తీసుకెళ్ళలేదని కూడా అడగట్లేదు. వచ్చి ఒక్క సంతకం పెట్టు. అంతే."

గురువారం వస్తానని చెల్లెలు పెట్టేసింది.

వచ్చింది. పొద్దున్న బస్సు దిగి, మెట్లెక్కి, గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది. మంచులో పనిచేసి చేతివేళ్ళ చివరలు తెల్లగా పగిలి ఉన్నాయి. పిట్ట కాజాలక్క వెనక్కి వెళ్ళి, పక్కనుంచి తొంగి చూసింది. చాలాసేపటికి దగ్గరకొచ్చి, "నువ్వు ఫోన్లో అమ్మవా?" అని అడిగింది. చెల్లెలు అవునంది. పిట్ట ఆమె సంచి పట్టీ పట్టుకుంది. ఆ పూటంతా వదల్లేదు.

ఆఫీసులో టోకెన్ అరవై ఒకటి వచ్చింది. బోర్డు మీద ఇరవై మూడు నడుస్తోంది. నేలకి బిగించిన ఇనుప బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు, పిట్ట మధ్యలో. చెల్లెలు అంగీకార పత్రం చదివింది. నా కుమార్తె సంరక్షణను నా ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నాను, అన్న చోట ఆగిపోయింది.

"ఇది పెడితే నాది కాకుండా పోతుందా, అక్కా?"

"పోదు."

"అప్పగిస్తున్నాను అనుంది."

కాజాలక్క కాగితం తీసుకుని ఆ వాక్యం మళ్ళీ చదివింది. సంచిలోంచి పెన్ను తీసి, అప్పగిస్తున్నాను అన్న మాట ముందు చిన్న గుర్తు పెట్టి, పైన ఖాళీలో 'ప్రస్తుతానికి' అని రాసింది. చెల్లెలు దాన్ని చూసింది. ముప్పై, ముప్పై ఒకటి అంటూ బోర్డు ముందుకు కదులుతోంది.

"ఆ ఉత్తరంలో నిన్ను తల్లి అని రాశారు కదా," అంది చెల్లెలు. "నీకు బావుందా?"

కాజాలక్క ఆగింది. ఈసారి చాలాసేపే ఆగింది.

"బావుంది," అంది. "అందుకే చెప్పేశాను."

చెల్లెలు తను వేరే గది చూసుకున్న మాట నిజమేనని, రెండుసార్లు అడ్వాన్సు దాకా వెళ్ళిందని, పొద్దున్న ఐదింటికి పనికి పోతే పిల్ల ఎవరి దగ్గర ఉంటుందన్న చోట రెండుసార్లూ ఆగిపోయిందని చెప్పింది. అక్కడి క్రెష్‌కీ ఇలాంటి దరఖాస్తే ఉందట. దాంట్లో ఇంటి చిరునామా ముందు రాయాలట, గది ఇచ్చేవాళ్ళేమో పిల్లను ఎక్కడ ఉంచుతావో ముందు చెప్పమన్నారట. కాజాలక్కకు అర్థమైంది. ఈ రెండు పక్షాలూ తను చూసినవే.

అరవై ఒకటి పిలిచారు. దిద్దిన మాట దగ్గర ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టాలన్నాడు నాలుగో కౌంటరాయన. పెట్టారు. రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది ఎవరిదని ఆయన అడిగాడు. ఎడమది చెల్లెలిదని చెబితే, పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాడు. అప్పటికి పెన్సిల్ వల్ల ఏమవుతుందో తెలిసి, దాన్నే మళ్ళీ పెన్నుతో దిద్దాడు. ఇన్నాళ్ళు ఇచ్చిన సాయం తిరిగి కట్టాలా అని కాజాలక్క అడిగింది. పొరపాటు ఆఫీసుదని తను రాసేశానని, ఆ మాట ఇక ఎత్తవద్దని ఆయన అన్నాడు.

చెల్లెలు సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. పిట్ట సంచి పట్టీ వదలడానికి కాస్త గొడవ చేసింది. ఎక్కువేం కాదు.

కొత్త ఉత్తరం పదిహేను రోజుల్లో వచ్చింది. నెల దాటిపోయినా క్రెష్‌లో సీటు అలాగే ఉంది. ఉత్తరంలో ఈసారి, సంబంధం: ఇతరులు, అని ఉంది. కంప్యూటర్‌లో ఆ మూడు గళ్ళకీ నాలుగోది కలిపారట, దానికి ఆ పేరు పెట్టారట. టైపు తాత మండిపడ్డాడు. పెద్దమ్మ ఇతరులెలా అవుతుందని, తను ఒక అర్జీ కొడతానని మిషను ముందు కూర్చున్నాడు. కాజాలక్క వద్దంది. గేటు దగ్గర ఆయాతో మాత్రం, ఇకనుంచి మీ పెద్దమ్మొచ్చింది అని పిలవమని చెప్పింది. ఆయాకి అలవాటు కావడానికి చాలా రోజులే పట్టింది. పిలుపు మారాక పిట్ట మళ్ళీ రోడ్డు మీదకి చూడటం మొదలుపెట్టింది. చూడనీ అనుకుంది కాజాలక్క.

ఏడాదిన్నర తర్వాత చెల్లెలు చేపల కంపెనీ మానేసి వచ్చేసింది. పెద్దాస్పత్రి క్యాంటీన్‌లో వంటపని దొరికింది. రెండు గదుల్లో ముగ్గురూ సర్దుకున్నారు. సర్దుకోవడమంటే గొడవల్లేకుండా కాదు. పిట్ట జుట్టు కత్తిరించాలా వద్దా అన్నదాని మీద అక్కాచెల్లెళ్ళు ఒకసారి మూడు రోజులు మాట్లాడుకోలేదు. దానికి జ్వరమొస్తే ఎవరి మందు ముందు వేయాలన్నది ఎప్పుడూ తేలేది కాదు. పిట్ట ఈ సంగతి తొందరగానే కనిపెట్టి, ఒకరు కాదన్నది రెండోవాళ్ళని అడగడం నేర్చుకుంది.

సాయం తల్లి పేరు మీదకి మార్చడానికి వెళ్ళినప్పుడు, పాత ఫైల్లో అక్షరదోషం అని పెన్సిల్‌తో రాసిన కాగితం బయటపడి, అసలు తల్లి ఎవరన్నది తేలడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఈసారి చెల్లెలే తిరిగింది. నాలుగో కౌంటరాయన అప్పటికి రిటైరైపోయాడు. ఆ కుర్చీలో కొత్తమనిషి ఉంది. కంత మాత్రం అదే ఎత్తున ఉంది.

పిట్ట బడిలో చేరిన ఏడాది, కాజాలక్క పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కార్ఖానాకు వరసగా నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఒక్కతే బస్సెక్కి ఓడరేవు ఊరికి వెళ్ళింది. ఎందుకని చెల్లెలు అడిగితే చూడాలనిపించిందంది. చేపల కంపెనీ గేటు బయట కాసేపు నిలబడింది. కంపెనీ వాళ్ళ గదులు ఎక్కడో అడిగి, ఆ వీధి చివరిదాకా నడిచింది. తర్వాత రెండు రోజులూ సముద్రం ఒడ్డున కూర్చుంది. తిరిగొచ్చాక మిషన్ల దగ్గరివాళ్ళు ఎలా ఉందని అడిగారు. ఎప్పటిలాగే ఆగి, చాలా పెద్దదని చెప్పి, చొక్కా అందుకుని సుద్దముక్క కోసం వెతుక్కుంది.